ఎల్లంబావిలో ఎముకల వాన

ఎల్లంబావి పట్టణంలో ఎవరికి కళ్ళద్దాలు కావాలన్నా తౌటం వేణుమాధవ్ దుకాణానికే పోవాలి. మెత్తని మనిషి. చూపు మందగించిందని చెప్పాల్సి వస్తే అది తన వల్లనే జరిగినట్టు చెబుతాడు. అట్ట మీది అక్షరాలు చదవమని అతను అడిగితే, ఆ గొంతు అందక ముసలివాళ్ళు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటారు. చూపు పరీక్షకని వచ్చి వినికిడి కూడా తగ్గిందేమోనని దిగులుపడి పోయినవాళ్ళు ఉన్నారు.

అటువంటి వేణుమాధవ్ చదువుకునే రోజుల్లో డెత్ మెటల్ పాడేవాడు.

డెత్ మెటల్ ఒకరకం సంగీతం. గిటారు తీగల్ని బట్టలారేసే తాడులా వదులు చేసి వాయిస్తారు. డ్రమ్ములు రేకుల మీద రాళ్ళవాన పడ్డట్టు కొడతారు. పాడేవాడు గొంతుతో కాక పొట్ట అడుగు నుంచి గాండ్రిస్తాడు. పాటల్లో సంగతి చాలావరకు చావు. వరంగల్‌లో పాలిటెక్నిక్ చదువుతున్నప్పుడు వేణుమాధవ్, గిటారు వాయించే జావీద్, డ్రమ్ములు కొట్టే గాజుల మొగిలి కలిసి ఒక బృందం పెట్టారు. పేరు ‘బొంద’, అంటే శవాన్ని పూడ్చే గుంత. వాళ్ళు చేసిన ఒకే ఒక ఆల్బం పేరు ‘ఎముకల వాన’.

దాన్ని మూతబడిన ఒక పత్తి జిన్నింగు మిల్లులో రికార్డు చేశారు. మొగిలికి డ్రమ్ము పెడల్ ఒక్కటే ఉండేది. రెండోదాని కోసం వాళ్ళ నాయన కుట్టుమిషను తొక్కుడుపలకను ఊడదీసి తెచ్చాడు. స్పీకరు చినిగి ఉంది. మైకుకు గోనెసంచి చుట్టారు. దెబ్బ పడ్డప్పుడల్లా మిల్లు రేకులు తామూ ఒక దెబ్బ వేసేవి. వీటన్నిటివల్ల ఒక శబ్దం తయారైంది. నేల లోపల ఎవరో బరువైన బీరువాను ఈడ్చుకుపోతుంటే పైన నిలబడ్డవాడి అరికాళ్ళకు తెలిసినట్టుండే శబ్దం. హైదరాబాదు పత్రిక ఒకటి దాని గురించి ఒక్క వాక్యం రాసింది: ‘రికార్డింగు సమయంలో మైకును గోనెసంచిలో మరిచిపోయినట్టున్నారు.’ మరిచిపోలేదని, కావాలనే పెట్టామని ముగ్గురూ ఆ పత్రికకు ఉత్తరం రాశారు. అది అచ్చు కాలేదు.

సీడీలు అమ్ముడుపోలేదు. జావీద్ కరీంనగర్‌లో లెక్కలు చెప్పుకుంటూ స్థిరపడ్డాడు. మొగిలి ఎల్లంబావిలోనే మైకుసెట్లు కిరాయికిచ్చే దుకాణం పెట్టాడు. వేణుమాధవ్‌కు పెళ్ళయింది. మిగిలిన సీడీలను వాళ్ళ అత్తగారు పెరట్లో చిక్కుడు పందిరికి దారాలతో వేలాడదీసింది. ఆ మెరుపుకు చిలకలు రావట.

ఎల్లంబావికి ఆ రోజుల్లో ఉన్న కష్టం చిలకలు కాదు, కోతులు. చుట్టుపక్కల గుట్టలన్నీ కంకర అయిపోయాక అవి ఊళ్ళోకి మారాయి. నీళ్ళట్యాంకుల మూతలు తీసి స్నానాలు చేసేవి. టీవీ తీగల మీద ఊగేవి. పెళ్ళిళ్ళలో మొదటి బంతికే కూర్చునేవి. ఓటుహక్కు ఒక్కటి తప్ప పట్టణ పౌరులకున్న సౌకర్యాలన్నీ అవి అనుభవిస్తుండేవి.

ఒకనాటి ఉదయం మొగిలి వచ్చి వేణుమాధవ్ దుకాణం బయట కొత్త స్పీకరు బిగించాడు. పండుగ తగ్గింపు ధరలు చాటించడానికి. పని చేస్తుందో లేదో చూద్దామని, తన ఫోనులో ఎప్పుడూ ఉండే ‘ఎముకల వాన’ మొదటి పాట పెట్టాడు. ఎదురుగా కొమురమ్మ అరటిపండ్ల బండి మీద కోతుల మంద అప్పుడే కొలువు తీరి ఉంది. గాండ్రింపు మొదలుకాగానే అవి తినడం ఆపాయి. పెద్ద కోతి సగం ఒలిచిన పండును తిరిగి గెల పక్కన పెట్టింది. మరుక్షణం రేకులు, గోడలు, తీగలు పట్టుకుని మంద మొత్తం ఊరు దాటింది.

కొమురమ్మ రోడ్డు దాటి వచ్చింది. “ఏందది వేణూ, బోరు ఏపిస్తున్నవా?”

“పాట, కొమురక్కా.”

“పాటనా? ఎవలు పాడిన్రు?”

“నేనే.”

ఆమె అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. “పానం బాగలేనప్పుడు పాడినవా?”

“మంచిగున్నప్పుడే పాడిన అక్కా.”

“సరే తియ్. ఏదైతేంది, ఇంకోపాలి పెట్టు.”

ఆ ఆల్బం వెలువడిన నాటి నుంచి ఇంకోసారి పెట్టమని అడిగిన మొదటి మనిషి కొమురమ్మ.

వారం తిరక్కుండా మునిసిపల్ కమిషనరు స్వయంగా దుకాణానికి వచ్చాడు. ఆయన పేరు వీరాంజనేయులు. కోతులను వెళ్ళగొట్టే కాగితాల మీద ఆ పేరుతో సంతకం పెట్టడానికి మొదట్లో కొంత ఇబ్బంది పడ్డాడుగానీ, ఉద్యోగధర్మం అనుకుని సర్దుకున్నాడు. మామూలుగా మాట్లాడగలిగినవాడే. కానీ చేతిలో ఫైలుంటే నోటికి మరో భాష వచ్చేది.

“ప్రజాప్రయోజనార్థం మీ శబ్దమును పురపాలక సంఘము స్వాధీనపరచుకొనుటకు ఉత్సహించుచున్నది,” అన్నాడు.

“శబ్దం కాదు సార్. ఆల్బం,” అన్నాడు వేణుమాధవ్.

“ఆల్బం అనగా సంగీతము. సంగీతము మా పరిధిలో లేదు. శబ్దమైతే పారిశుధ్యం కింద సర్దవచ్చు. పట్టణమునకు అక్కరలేనివాటిని పట్టణము వెలుపలికి పంపు సాధనము గనుక, లెక్కలలో చెత్తబండ్ల పక్కన చూపెదను.”

“దాని మీద మా బృందం పేరుంటదా సార్?”

“ఏమి పేరు?”

“బొంద.”

కమిషనరు ఆ పేరును నోటితో మాత్రం అనుకోవచ్చునని, రాతలో వద్దని చెప్పాడు. వేణుమాధవ్ ఆయన చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. ఏం రాసి ఉందో చదవలేదు. తన పాట ఊరంతా వినబడబోతుందన్న సంతోషంలో చదివినా అర్థమయ్యేది కాదు.

ఆ విధంగా ‘ఎముకల వాన’ ఎల్లంబావి చెత్త ఆటోలకు ఎక్కింది. తెల్లవారగానే గల్లీ మలుపులో నేల లోపలి బీరువా కదిలేది. ఆడవాళ్ళు తడిచెత్త, పొడిచెత్త పట్టుకుని వాకిట్లోకి వచ్చేవాళ్ళు. కోతులు గోడలు దూకేవి. మొదటి నాలుగు రోజులు పసిపిల్లలు జడుసుకున్నారు. తరువాత అన్నం తినకపోతే ఆటో వస్తుందని చెప్పి తినిపించారు. ఆ తరువాత అన్నం తింటేగానీ ఆటో రాదని చెప్పాల్సి వచ్చింది. జనానికి పాటలు గుర్తుపట్టడం వచ్చింది. ఫలానా పాట మొదలైతే పాలు పొంగే వేళ, ఫలానా పాట నడుస్తుంటే బడి బస్సు వేళ. మంగలి దుకాణంలో గడ్డం గీస్తున్న ఓదేలు మధ్యలో ఒకచోట కత్తి ఆపి, పాటతోపాటు తానూ కడుపులోంచి ఒక హుంకారం చేసి మళ్ళీ గీసేవాడు.

వేణుమాధవ్ భార్య స్వరూప ప్రభుత్వ బడిలో సాంఘికశాస్త్రం చెబుతుంది. పెళ్ళయిన కొత్తలో ఆ ఆల్బం ఒక నిమిషం విని, “మంచిగనే ఉంది,” అని వంటింట్లోకి పోయిన మనిషి. ఒక సాయంత్రం చిక్కుళ్ళు ఒలుస్తూ ఉన్నట్టుండి అడిగింది.

“ఒక పాటల నడిమిట్ల గిటారు, డ్రమ్ములు అన్ని బందయితయి గదా. నీ ఊపిరి ఒక్కటే ఇనవడ్తది. అది కావాల్ననే పెట్టిన్రా, తప్పు పోయిందా?”

వేణుమాధవ్ చేతిలోని చిక్కుడుకాయ కింద పెట్టాడు. ఆ ఊపిరి కోసం ముగ్గురూ మిల్లులో ఒక పగలంతా పడ్డ తంటా, ఉంచాలా తీసేయాలా అని జావీద్‌తో జరిగిన పోట్లాట, తలుపు సందులోంచి వస్తున్న గాలి కూడా అందులో కలిసిన సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. స్వరూప ఒలవడం మానేసి విన్నది. ఆ పూట కూర కాలేదు. పచ్చడి వేసుకుని తిన్నారు.

ఇదంతా ఇట్లాగే సాగిపోయేదే. కానీ ఎల్లంబావిని వదిలిన కోతులు ఎక్కడికో ఒక చోటికి పోవాలి గదా. అవి పక్క పట్టణం మల్లెలగట్టుకు పోయాయి. మల్లెలగట్టు కమిషనరు ‘మీ వానరములను మీరు వెనుకకు తీసికొనగలరు’ అని రాశాడు. వాటి మీద ఎల్లంబావి ముద్ర ఉన్నదా అని వీరాంజనేయులు అడిగాడు. విసిగిపోయిన మల్లెలగట్టు కూడా ‘ఎముకల వాన’ తెచ్చి మోగించింది. కోతులు మరో ఊరికి పోయాయి. ఆ ఊరూ మోగించింది. ఊరి నుంచి ఊరికి, జిల్లా నుంచి జిల్లాకు నడిచి నడిచి, ఒక శుభోదయాన అవి రాజధానిలో పెద్ద అధికారుల క్వార్టర్ల మామిడిచెట్ల మీదికి చేరాయి. ఒక ముఖ్యమైన అధికారిగారి ఉప్మా పోయింది. అంతవరకు కోతులు ఊళ్ళ సమస్య. ఆ పూట నుంచి అవి రాష్ట్ర సమస్య.

రాజధానిలో ప్రజాధ్వని ప్రమాణాల సంస్థ అని ఒకటి ఉండేది. ప్రభుత్వం చేసే శబ్దాలన్నీ ఒక పద్ధతిలో ఉండాలని పెట్టిన సంస్థ. అది వేణుమాధవ్‌ను విచారణకు రమ్మన్నది. వచ్చేముందు ఒక ధ్రువపత్రం తెమ్మన్నది. ఆ గొంతు జంతువుదైతే అటవీశాఖ అనుమతి ఉండాలి, మనిషిదైతే మనిషిదేనని వైద్యుడు రాసివ్వాలి.

చెవి ముక్కు గొంతు డాక్టరు టార్చి వేసి చాలాసేపు చూశాడు. “ఇందులో ఏమీ లేదే. ఒకసారి చేసి చూపించండి,” అన్నాడు. వేణుమాధవ్ మొహమాటపడుతూ ఒక చరణం గాండ్రించాడు. ఎంతకాలమైందో అట్లా చేసి. సగంలోనే దగ్గు వచ్చింది. బయట వరసలో కూర్చున్నవాళ్ళంతా అప్పటికప్పుడే నయమై ఇళ్ళకు పోయారు. డాక్టరు ఆ ఖాళీ బెంచీ వైపు చూసి, ‘ఇతడు మనిషియే’ అని రాసి సంతకం పెట్టాడు.

విచారణ ఏసీ గదిలో జరిగింది. సంస్థ డైరెక్టరు డాక్టర్ నిట్టల విశ్వపతి మధ్యలో కూర్చున్నాడు. చక్కని మనిషి, చక్కని గొంతు. ఆయన “కూర్చోండి” అన్నా పద్యంలా ఉండేది. పాటల సాహిత్యం ముందే తెప్పించుకున్నాడు. దాన్ని రాగయుక్తంగా చదివాడు.

“‘ఎముకలు కురిసె, ఏరులు నిండె, పుర్రెల పందిట పురుగుల పెండ్లి.’ తమ రచనేనా?”

“అవును సార్.”

“వర్షపాతమును గూర్చి వాతావరణశాఖ ధ్రువీకరణ లేనిదే ప్రకటించరాదు. ఇక పురుగుల ప్రస్తావన. ఇది హాస్టళ్ళలో భోజనముపై అపోహలకు తావిచ్చును.”

“అది చావు గురించి సార్.”

“చావు మంచి విషయమే. కాదనము. కానీ మరణించినవారు ఏ పథకములోను లబ్ధిదారులు కారు. వారిని గూర్చి ప్రభుత్వము పాడుట వృథా వ్యయము.” ఆయన పేజీ తిప్పాడు. “తరువాతి అంశము. ఈ శబ్దము విని వానరములు భయపడుచున్నట్లు మా దృష్టికి వచ్చినది.”

“దానికోసమే గదా సార్ పెడ్తున్నరు.”

“భయపెట్టుట క్రూరత్వము. అవి స్వచ్ఛందముగా, వీలైనచో సంతోషముగా నిష్క్రమించవలెను. అట్లే, శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము ఇది ప్రజలకు వినబడరాదు. వానరములకు మాత్రమే వినబడవలెను. ప్రభుత్వ సందేశము గనుక ప్రతి మాట సామాన్యునికి అర్థము కావలెను.”

వేణుమాధవ్ ఆగి ఆగి అడిగాడు. “వినబడకుండ అర్థం ఎట్లయితది సార్?”

“అది సాంకేతిక విషయము. దానికి ఉపసంఘమున్నది.”

చివరి అంశం శబ్దం నాణ్యత. గోనెసంచి చప్పుడు, రేకుల చప్పుడు, చినిగిన స్పీకరు చప్పుడు, అన్నీ కంప్యూటరులో తొలగించి శుద్ధి చేస్తారట. మధ్యలో శబ్దమేమీ లేకుండా ఊపిరి మాత్రమే వినబడుతున్న భాగం వృథాగా ఉన్నందున అక్కడ పథకాల పేర్లు చేరుస్తారట. అంతసేపూ చేతులు కట్టుకుని కూర్చున్న వేణుమాధవ్ లేచి నిలబడ్డాడు.

“సార్, ఆ మసకనే ఆల్బం. అది తీసేస్తే దాంట్ల ఏం మిగలదు.”

విశ్వపతి చిరునవ్వు నవ్వాడు. “మీరు కళ్ళద్దాలవారు గదా. మసక తొలగించుట మీ వృత్తి కూడాను.”

సభ్యులు నవ్వారు. వేణుమాధవ్ ఏం చెప్పినా లాభం లేకపోయేది. కమిషనరు దుకాణానికి వచ్చిన రోజున పెట్టిన సంతకాలతో ఆ శబ్దం మీద హక్కులన్నీ ప్రభుత్వానికి పోయాయని, అతని పేరు ‘మూల శబ్దదాత’గా లోపలి కాగితాల్లో ఉంటుందని చెప్పి పంపించారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మొగిలికి ఈ సంగతి ఎట్లా చెప్పాలా అని ఆలోచించాడు. మొగిలి విని, మైకు తీగ చుట్ట చుడుతూ చుడుతూ ఆపి, “మిల్లు రేకులు గుడ తీసేస్తరా?” అని మాత్రం అడిగాడు.

రెండు నెలలకు కొత్త ధ్వని వెలువడింది. పేరు ‘సుస్వర వానర వీడ్కోలు’. గాండ్రింపు స్థానంలో శాస్త్రీయ సంగీత విద్వాంసుడొకరు మోహనరాగంలో ‘వెళ్ళిరావయ్య వనమునకు, వెళ్ళిరావమ్మ’ అని బతిమాలుతూ పాడాడు. డ్రమ్ముల స్థానంలో మృదంగం, గిటారు స్థానంలో వేణువు. చరణాల్లో మరుగుదొడ్లు, మొక్కలు, పొదుపు సంఘాలు వచ్చాయి. నిబంధన ప్రకారం వినీవినబడనంత చిన్నగా పెట్టి, సామాన్యునికి అర్థం కావడం కోసం ఆటో వెనుక సాహిత్యం రాయించారు.

అన్ని ఊళ్ళలోనూ అదే మోగడంతో, వారానికల్లా ఎల్లంబావికి కోతులు తిరిగి వచ్చాయి. ముందు పెద్దది వచ్చింది. ప్రహరీ మీద కూర్చుని తల ఒక పక్కకు వంచి విన్నది. తరువాత తల్లులు పిల్లల్ని పొట్టకు అదుముకుని వచ్చాయి. పాట చిన్నగా ఉన్నందున దగ్గరికి వచ్చి వింటే తప్ప వినబడదు. అందుకని ఆటో టాపు మీదికి ఎక్కాయి. పాట నడిచినంతసేపు ఒకదానికొకటి పేలు చూసుకుంటూ పరమశాంతంగా ఉన్నాయి. పాట అయిపోగానే ఆకలి వేసి ఇళ్ళలోకి పోయాయి.

ఈ సంగతిని వీరాంజనేయులు ఉన్నది ఉన్నట్టు రాజధానికి రాశాడు. పథకం ఆగిపోతుందని ఆయన ఆశ. జవాబు అభినందనలతో వచ్చింది. ‘వానరములు ప్రభుత్వ ధ్వనికి సానుకూలముగా స్పందించుట ముదావహము. ఇట్టి స్పందన గతమున పౌరుల నుండి కూడ లభించియుండలేదు. ఇకపై వానరముల హాజరునే పథకము యొక్క విజయమునకు కొలమానముగా గ్రహించవలెను.’

అప్పటి నుంచి ఊళ్ళ మధ్య పోటీ మొదలైంది. ఏ ఊరి ఆటో దగ్గర ఎక్కువ కోతులు కూర్చుంటే ఆ ఊరికి మంచి పేరు. తనిఖీ ఉందంటే కోతులు తక్కువగా ఉన్న పట్టణాలు పక్క ఊరి నుంచి అరువు తెచ్చుకునేవి. మల్లెలగట్టువాళ్ళు శ్రోతలకు వేరుశనక్కాయలు ఏర్పాటు చేశారు. వెళ్ళగొట్టడానికి పెట్టిన ఉద్యోగులనే పిలుచుకురావడానికి పంపారు. ఏడాది చివర ఎల్లంబావికి రాష్ట్రస్థాయి బహుమతి వచ్చింది. దాన్ని అందుకుని వీరాంజనేయులు ఆఫీసుకు తిరిగి వస్తే, ఆయన కుర్చీలో పెద్ద కోతి కూర్చుని ఉంది. ఆయన స్టూలు మీద కూర్చుని ఆ రోజు ఫైళ్ళు చూశాడు.

కొమురమ్మ అరటిపండ్లు అమ్మడం మానుకుంది. ఉల్లిగడ్డలు పెట్టింది. వాటినీ పొరలు పొరలుగా ఒలిచి పడేశాయి. ఒకరోజు ఖాళీ బండి వదిలేసి దుకాణంలోకి వచ్చి నిలబడింది.

“వేణూ, నీ పాట పెట్టు బిడ్డా. ఆ సంగీతంతోని మా పొట్ట కొడ్తున్నరు.”

వేణుమాధవ్ ఫోను తీశాడు. పాట మొదలైంది, గోడ మీది కోతులు కదిలాయి. సాయంత్రానికల్లా వీరాంజనేయులు ఫైలులో ఒక కాగితం పెట్టుకుని వచ్చాడు. ఆమోదం పొందిన ధ్వని ఒకటి అమలులో ఉండగా, పాతది అనధికార ప్రతి అవుతుంది.

“మీ ఆల్బం మీ దుకాణమునందు మీరు మోగించుట నేటి నుండి నేరము,” అని చదివి, కాగితం చేతికిచ్చి, ఫైలు మూసేసి, మామూలు గొంతుతో అన్నాడు. “ఏమనుకోకు వేణన్నా. నాకు మాత్రం బాగున్నదా? మా ఇంట్ల ఫ్రిజ్జుకు తాళమేసినం.”

ఆ రాత్రి వేణుమాధవ్‌కు అన్నం సయించలేదు. కోతులు ఉండనీ, పోనీ. ఇరవయ్యేళ్ళు ఎవరూ వినకపోతే బాధపడ్డాడుగానీ, వినకూడదని మాత్రం అప్పుడెవరూ అనలేదు. స్వరూప ఆ కాగితాన్ని దీపం కింద పెట్టుకుని, పిల్లల జవాబుపత్రం చదివినట్టు ఒక్కో మాటా చదివింది.

“దీంట్ల ‘ధ్వనిముద్రణను మోగించుట’ అని ఉన్నది. పాడుడు గురించి ఏం లేదు,” అంది.

“ఎవరు పాడుతరు?”

“ఎవరేంది. ముగ్గురున్నరు గదా.”

“నాతోని అయితదా స్వరూపా? డాక్టరు ముంగట నాలుగు ముక్కలకే దగ్గొచ్చింది.”

“దగ్గొస్తె నీళ్ళు తాగి మల్ల పాడు. పిల్లలకు నేను రోజు అట్లనే చెప్త.”

ఆదివారం పొద్దున జావీద్ కరీంనగర్ నుంచి గిటారు వీపుకు తగిలించుకుని బస్సు దిగాడు. సుద్దముక్క పట్టుకున్నవాడికి తీగలు కొత్తగా కోశాయి. మొగిలి కూరగాయల మార్కెట్ యార్డులో షెడ్డు కింద మైకుసెట్టు దింపాడు. ఎవరు ఎవరికి చెప్పారో, జనం వచ్చారు. బుట్టలు, సంచులు, చంకల్లో పిల్లలు. షెడ్డు పైన, గోడల మీద, లారీల మీద కోతులు నిండి ఉన్నాయి. మైకు అంటే సంగీతమని వాటికి అలవాటైపోయింది.

వీరాంజనేయులు జీపు దిగి నేరుగా స్పీకర్ల దగ్గరికి వచ్చాడు. వంగి, తీగలన్నీ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నాయో చూశాడు. పెన్‌డ్రైవు ఏదీ లేదని నిర్ధారించుకున్నాడు. “మైకు శబ్దమును పెంచునే గాని పుట్టించదు. ఇందులో ధ్వనిముద్రణ కనబడుట లేదు,” అని గట్టిగా, అందరికీ వినబడేట్టు చెప్పి, పక్కకు తప్పుకున్నాడు.

జావీద్ తీగల మీద చెయ్యి వేశాడు. నేల కదిలింది. మొగిలి డ్రమ్ముల మీదికి వంగాడు. వేణుమాధవ్ నోరు తెరిస్తే మొదట గాలి మాత్రమే వచ్చింది. రెండోసారి దగ్గు వచ్చింది. స్వరూప జనం లోంచి నీళ్ళసీసా అందించింది. తాగాడు. ముందు వరసలో ముసలివాళ్ళు ఎప్పటిలా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని చూస్తున్నారు. కళ్ళు మూసుకుని, కాళ్ళు ఎడం చేసి, పొట్టను లోపలికి లాగి వదిలాడు.

వచ్చింది. సీడీలో ఉన్న గొంతు కాదు అది. ఆ గొంతు చావును చూడని కుర్రవాడిది. ఇది ఈ మధ్యలో నాయనను కాటికి మోసి వచ్చినవాడిది. లావుగా, గరుకుగా, రాతి మీద నాగలి పోయినట్టు వచ్చింది. షెడ్డు రేకులు గడగడలాడాయి. వాటిని తొలగించడానికి అక్కడ కంప్యూటరు లేదు. ముసలివాళ్ళు చెవుల మీది చేతులు దించారు.

కోతులు పోయాయి. లారీల మీది నుంచి, గోడల మీది నుంచి, షెడ్డు మీది నుంచి పోయాయి. పిల్లల్ని పొట్టకు అదుముకుని, వెనక్కి చూడకుండా పోయాయి. పాట అయిపోయేసరికి కనుచూపు మేర ఒక్కటి లేదు.

జనం తలలు పైకెత్తి రేకులు, చెట్లు, తీగలు అన్నీ చూసుకున్నారు. ఎవరో “పోయినయ్,” అన్నారు. వేణుమాధవ్ చెమట తుడుచుకుని మైకును స్టాండుకు తగిలించాడు. జావీద్ తీగ పీకబోయాడు. కూరగాయల బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్న కొమురమ్మ అడిగింది.

“ఎటు పోతున్నవ్?”

“కోతులు పోయినయి గదా అక్కా.”

“పోతె పోనీ. ఇంక పాటలు లెవ్వా?”

“ఉన్నయి.”

“మరి పాడు. పని అయిపోయె గదా, ఇగ నిమ్మలంగ ఇందాం.”

ఎవరూ లేవలేదు. ఓదేలు మంగలి ముందుకు జరిగి చోటు చేసుకున్నాడు. వేణుమాధవ్ కమిషనరు వైపు చూశాడు. వీరాంజనేయులు ఖాళీగా ఉన్న షెడ్డు పైకప్పును మరోసారి పరిశీలించాడు.

“నివారించవలసినది ఏదియు లేనందున, ఇకమీదట వచ్చునది శబ్దము కాదు. కాబట్టి మా పరిధిలోనికి రాదు,” అన్నాడు. ఫైలు జీపులో పడేసి వచ్చి, ఓదేలు పక్కన నేల మీద కూర్చున్నాడు.

వేణుమాధవ్ మైకు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. వెనక మొగిలి కర్రలు పైకెత్తాడు.